98 పెట్టె ముచ్చట

ఆ పెట్టెను కబాడోనికి ఎయ్యమని ఎవరన్నరు బిడ్డా? నువ్వేనా? జర దగ్గరికి జరిగి కూసో, కాళ్లు మంట దిక్కు పెట్టుకో, చెప్త. అది సచ్చిన కంప్యూటరు కాదు. స్విచ్చు ఎయ్యంగనే ఇయ్యాల్టికీ లేస్తది. మీటల మీద అక్షరాలు సగం అరిగినయి గాని ఒక్క మీట గూడ పట్టెయ్యలేదు. 2000 సంవత్సరంల కొన్న. పెంటియం 3, 64 ఎంబీ ర్యామ్, విండోస్ 98 సెకండ్ ఎడిషన్. అప్పుడు మా గల్లీల అంతకంటె పెద్ద మిషను లేకుండె.

"ఇంటర్నెట్ రాదు గదా తాతా, ఇంక దేనికి పనికొస్తది" అంటున్నవు. నెట్టు రాదని ఎవరు చెప్పిండ్రు? తీగ పెడితే వస్తది. పేజీలే తెరుసుకుంటలేవు. ఎందుకు తెరుసుకుంటలేవు, అండ్ల మిషను తప్పెంత, పేజీ తప్పెంత, అది చెప్పాలంటే కొట్టు కాడికెళ్లి మొదలుపెట్టాలె.

నిజామాబాద్ బస్టాండు దగ్గర మన కొట్టు మొదట్ల డీటీపీ కొట్టు, నెట్టు తర్వాత వచ్చింది. పెండ్లి కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు. ఆ రోజుల్ల మన జిల్లాల మూడు తీర్ల పైసలు తిరుగుతుండె: చెరుకు పైసలు, పసుపు పైసలు, దుబాయ్ పైసలు. మంజీర మీద నిజాంసాగర్ 1931ల పూర్తయింది, ఆ కాలువ నీళ్లతోటి బోధన్ దిక్కు చెరుకు పెరిగింది, 1937ల శక్కర్‌నగర్‌ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేసింది. ఫ్యాక్టరీల బిల్లులు పంచిన వారం పది రోజులకు మా కొట్టుకు కార్డులోళ్లు వరుస కట్టేటోళ్లు. తెలుగుల కార్డు కావాలన్నోళ్లకు పేజ్‌మేకర్‌ల అను ఫాంట్లు. ఉర్దూల రుఖా కావాలన్నోళ్లకు ఇన్‌పేజ్. మన ఊర్ల రెండూ నడవాలె గదా. ఇన్‌పేజ్ రాకముందు ఒక పెద్దమనిషి కాతిబ్ కలంతోటి రాసిస్తుండె, ఆ రాత చూస్తుంటే కన్ను తిప్పబుద్ధి కాకపోతుండె.

మన దేశంల జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది. వీఎస్‌ఎన్‌ఎల్ వాళ్లు ఇచ్చిండ్రు, ముందు పెద్ద పట్నాలకే. మన నిజామాబాద్ దాక రావడానికి ఇంకొన్నేండ్లు పట్టింది. మాకు టెలిఫోను తీగతోటే వచ్చింది. 2000 అక్టోబరుల టెలిఫోను డిపార్ట్‌మెంటు పోయి బీఎస్‌ఎన్‌ఎల్ అయింది, సంచార్‌నెట్ కార్డు కొనుక్కునేది, మోడెమ్ 172233 నంబరు తిప్పేది. కీచుమని, గరగరమని ఒక అర నిమిషం మోత చేసి ఇగ పట్టుకునేది. పట్టుకున్నదంటే కొట్టుల అందరి మొఖాలు ఎలిగేటియి. ఎవరన్న ఆ లైనుకే ఫోను కొడితే తెగిపోయేది, మల్ల మొదటికెళ్లి.

ఆ తీగల నుంచి సెకనుకు మంచిగుంటే ఐదు కిలోబైట్లు దిగేటియి. అందుకే అప్పటి పేజీలు అట్ల ఉండె. తెల్ల కాగితం మీద అక్షరాలు, నీలం రంగు లింకులు, ఒకటో రెండో చిన్న బొమ్మలు. యాభై కిలోబైట్ల పేజీ పది సెకన్లల దిగేది. పేజీ చేసేటోడు ప్రతి బొమ్మ బరువు చూసుకునేటోడు, ఎందుకంటే బరువైతే ఎవడూ ఆగడు. బొమ్మలు రాకుంట ఆపేసుకునే మీట బ్రౌజర్‌లనే ఉండె. ముందు నెట్‌స్కేప్ వాడినం, తర్వాత 98 తోటి వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5.

శుక్రవారం వచ్చిందంటే కొట్టు చూడాలె మీరు. గల్ఫ్‌ల అప్పుడు శుక్రవారం సెలవు. ఆర్మూరు, బాల్కొండ, కమ్మర్‌పల్లి దిక్కు నుంచి ఆడోళ్లు పొద్దుగాల బస్సు దిగి పిల్లల్ని చంకనేసుకొని వచ్చేటోళ్లు. ఐఎస్‌డీ ఫోనుకు నిమిషానికి పదుల రూపాయలు. మా దగ్గర యాహూ మెసెంజర్‌ల గంటకు ఇంతని ఇచ్చి మాట్లాడుకునేటోళ్లు. చెవులకు హెడ్‌ఫోను పెట్టుకున్నంక తమకు వినబడుతలేదని ఇంకింత గట్టిగ మొత్తుకునేటోళ్లు, కొట్టు మొత్తం వాళ్ల ఇంటి ముచ్చట వినేది. ఎవ్వరం నవ్వకపోతుంటిమి. అప్పు ఎంత తీరింది, బోరు ఎన్ని ఫీట్లు పోయింది, పిల్లకు సంబంధం వచ్చింది, అన్నీ అక్కడనే. తర్వాత వెబ్‌క్యామ్ తెచ్చి పెట్టిన. బొమ్మ నాలుగైదు సెకన్లకు ఒకసారి మారేది. పోయిననాడు పుట్టని బిడ్డను తండ్రి ముందుగాల ఆ అరచెయ్యంత కిటికీల చూసిండు, నా కండ్ల ముందట.

ఆ బొమ్మలు దాసిపెట్టుమని అడిగేటోళ్లు. ప్రింట్ స్క్రీన్ నొక్కి, పెయింట్‌ల అతికించి, పేరు రాసి సేవ్ చేసేటోన్ని. 800 బై 600 తెర, రంగుల బొమ్మ: పద్నాలుగు లక్షల నలభై వేల బైట్లు. ఫ్లాపీల పట్టేది పద్నాలుగు లక్షల యాభై ఏడు వేల చిల్లర. అంటే ఒక్క ఫోటోకు ఒక్క ఫ్లాపీ, సరిగ్గ నిండుతది. ఫ్లాపీ కొనుక్కునే స్తోమతు ఉన్నోళ్లు కొనుక్కపోయిండ్రు. మిగతాయి అన్నీ ఆ 98 పెట్టెలనే ఉండిపోయినయి.

ఇగ ఇప్పటి ముచ్చట. మొన్న దసరా ఎనుక ఒక పిలగాడు వచ్చిండు, ఆర్మూరు దిక్కు ఊరోడు. "పెద్దయ్యా, చిన్నప్పుడు మా అమ్మ నన్ను తీస్కొని మీ కొట్టుకు వచ్చేది. మా నాయిన ఇప్పుడు లేడు. అప్పటి ఫోటోలు ఏమన్న ఉన్నయా" అన్నడు. నాకు వాళ్ల అమ్మ మొఖం యాదికి వచ్చింది. శుక్రవారం శుక్రవారం వచ్చి మూలకున్న మిషనే కావాలనేది. పెట్టె దించి, దుమ్ము ఊది, స్విచ్చేసిన. లేసింది. ఆమె పేరు మీద ఫోల్డరు ఉన్నది, బొమ్మలు ఉన్నయి. తండ్రి తెల్ల బనీను మీద క్యాంపు గదిల కూసోని ఉన్నడు. పిలగాడు చాలాసేపు మాట్లాడలేదు.

బయటికి తీసుడే తిప్పలు. ఫ్లాపీలకు బూజు వట్టింది, వాటిని ఎక్కించుకునే ల్యాప్‌టాపూ లేదు. పెన్‌డ్రైవ్ పెడితే 98 గుర్తుపట్టదు. దానికి ప్రతి కంపెనీది వేరే వేరే డ్రైవరు ఎక్కించాలె, ఆ డ్రైవరు తెచ్చుకోవాలంటే నెట్టులకు పోవాలె. మెయిల్ల పంపుదమంటే మెయిలు తెరుసుకోదు. రౌటర్ కాడికెళ్లి తీగ గుంజి ల్యాన్ కార్డుకు పెట్టినం. మంచిగనే పట్టుకున్నది. ఏ సైటు పేరు కొట్టినా తెల్లటి తెర మీద ఒకటే మాట: పేజీని చూపలేకపోతున్నం.

ఎందుకట్లనో చెప్త, ఇది మంచిగ వినుండ్రి. మీకు షుగర్ ఫ్యాక్టరీ గేటు తెల్వదు, చూడలే మీరు. చెరుకు బండి గేటు కాడికి వస్తే ముందు అడిగేది పర్మిట్ కాగితం. ఎడ్లు మంచియే, చెరుకు రసం కారుతున్నది, బండి ఇరుసు గట్టిగున్నది. అయినా నిరుడుటి కాగితం చూపెడితే కాటా దాక పోనియ్యరు. ఎంత మొత్తుకున్నా బండి రోడ్డు మీదనే. 98 పెట్టెకు అయ్యింది అదే. దాని కాడ ఉన్న తాళాలు, అంటే తీగ మీద పోయే ముచ్చట మధ్యల ఎవడూ చదువకుంట కాపాడేటియి, పాతయి. ఎస్‌ఎస్‌ఎల్ 3 అనేది 1996ది, టీఎల్‌ఎస్ 1.0 అనేది 1999ది. 2008ల టీఎల్‌ఎస్ 1.2 వచ్చింది, 2018ల 1.3 వచ్చింది. 2020ల పెద్ద బ్రౌజర్లన్నీ 1.0ను, 1.1ను పక్కకు పెట్టినయి, సైట్లు గూడ ఒకటెన్క ఒకటి బందు పెట్టినయి. పేజీ పంపే ముందే రెండు దిక్కులా ఒక మాట అయితది: నీకు ఏ తాళం తెల్సు, నాకు ఏది తెల్సు అని. 98 చెప్పిన పేరు ఒక్కటి గూడ అవుతలి మిషను ఒప్పుకోదు. అక్కడనే తెగుతది. పేజీల ఏమున్నదో మన పెట్టె చూడనేలేదు, చూస్తే చదువుతుండెనో ఏమో.

తాళం అక్కెర లేదని నేను అన బిడ్డా. నా కొట్టులనే చూసిన. అప్పుడు యాహూల పాస్‌వర్డు తప్ప మిగతా ముచ్చటంత తీగల బట్టబయలుగ పోయేది. మధ్యల కూసున్నోడు చదవాలనుకుంటే చదవొచ్చు. ఇయ్యాల బ్యాంకు, పట్టా పాసుపుస్తకం, పింఛను, అన్నీ తీగ మీదికే వచ్చినంక గట్టి తాళం ఉండాల్సిందే. 2014ల ఎస్‌ఎస్‌ఎల్ 3ను పగలగొట్టే ఉపాయం ఒకటి బయటపడ్డది, అప్పటికెళ్లి దాన్ని నమ్మేటోళ్లు లేరు. న్యాయమే. గాని పసుపు ధర చూసుకునే పేజీకి, వాన ఎప్పుడు పడుతదో చెప్పే పేజీకి, ఒక కవిత చదువుకునే పేజీకి గూడ అదే తాళం ఎయ్యంగ, పాత పెట్టె ఉన్నోడు అన్నింటికీ బయటనే నిలబడ్డడు. వికీపీడియా 2015 జూన్‌ల పూర్తిగ తాళం మీదికి పోయింది. మన తెలుగు వికీపీడియా గూడ అండ్లనే ఉన్నది.

సరే, 98ని అట్ల ఉంచి నేను డీటీపీ పెట్టె ముందటేసిన. అది విండోస్ ఎక్స్‌పీది, పెంటియం 4. దాన్ని ఇంకా వాడుతున్న, మీకు తెల్సు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001ల, దాని తర్వాత ఇంకొకటి రానేలేదు. పాత కార్డుల ఫైళ్లన్నీ దాంట్లనే ఉన్నయి. మన ఊర్లనే గాదు, తెలుగునాట ఏ పట్నంల పోయినా, ప్రింటింగ్ ప్రెస్సు ఎనుక గదిల ఇట్లాంటి ఎక్స్‌పీ పెట్టె ఒకటి ఉంటది. మ్యూజియంల పెట్టడానికి గాదు, అన్నం పెడుతున్నదని ఉంచుకున్నరు.

దాంట్ల నెట్టు తెరిస్తే, సైటు తనెవరో చూపే సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటుల లేదని ఎర్ర అక్షరాలు. ఇంకా చెల్లుబాటుల లేదంట! అప్పుడు తేదీ దిక్కు చూసిన. కింద మూలకు 2002 జనవరి 1 అని ఉన్నది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటది, సీఆర్ 2032 అంటరు, చేతి గడియారాల దుకాణంల దొరుకుతది. అది అయిపోతే కరెంటు తీసినప్పుడల్లా కంప్యూటరు తన పుట్టిన ఏడుకు పోతది. సైటు సర్టిఫికెట్ నిన్నగాక మొన్న రాసింది, మిషనేమో ఇది ఇరవై ఏండ్ల ముందటి దినం అనుకుంటున్నది. గోరుతోటి పాత బిళ్ల లేపి కొత్తది ఎక్కించి తేదీ సరిచేస్తే సగం సైట్లు తాళం తీసినయి. ఎంతమంది ఈ ఒక్క బిళ్ల కోసం మంచి మిషన్లు అమ్ముకున్నరో.

మిగిలిన సగానికి ఇంకో కారణం. సర్టిఫికెట్లకు పైన ఒక పెద్ద సంతకం ఉంటది, రూట్ అంటరు. మస్తు సైట్లు వాడే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లకు ఆసరాగ ఉన్న ఒక పాత రూట్ గడువు 2021 సెప్టెంబరు 30న తీరిపోయింది. కొత్త రూట్ తెల్వని పాత మిషన్లకు తెల్లారేసరికల్ల ఆ సైట్లు మూతపడ్డయి. ఫైర్‌ఫాక్స్‌కు తన సంతకాల పట్టీ తన దగ్గరనే ఉంటది, తాళాలు గూడ తనవే, విండోస్‌ను అడగదు. అందుకే ఎక్స్‌పీ మీద ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తియ్యలేని పేజీని ఫైర్‌ఫాక్స్ 52 తీస్తది. ఎక్స్‌పీకి వచ్చిన ఆఖరు ఫైర్‌ఫాక్స్ అదే, 2018 దాక దానికి మరమ్మతులు ఇచ్చిండ్రు. పెంటియం 3 మీద గూడ అది నడుస్తదేమో అనుకునేరు, నడవదు. ఆ ప్రాసెసర్‌కు ఎస్‌ఎస్‌ఈ2 అనే లెక్కలు రావు, ఫైర్‌ఫాక్స్ 49 నుంచి అవి లేకుంటే లేవదు.

తాళం తీసినంక ఏమైతదో తెల్సా? మస్తు పేజీలు తెల్లగ వస్తయి. పూర్తి తెలుపు. ఏ తప్పూ చెప్పదు, అట్లనే ఊకుంటది. ఎందుకంటే ఇప్పటి పేజీల అక్షరాలు నేరుగ రావు. ముందు జావాస్క్రిప్ట్ దిగుతది, అది నడిచి అక్షరాలను తెచ్చి పెడుతది. ఆ స్క్రిప్ట్‌ల 2020 తర్వాతి కొత్త రాత ఒక్క గుర్తు ఉన్నా పాత బ్రౌజరు అక్కడ ఆగుతది, ఆ ఫైలు మొత్తం పక్కకు పారేస్తది. ఒక్క గుర్తు కోసం పేజీ మొత్తం పాయె. 2025 జనవరి నుంచి గూగుల్‌ల వెతుకుదమన్నా జావాస్క్రిప్ట్ ఉండాల్సిందే. జీమెయిల్‌కు ముందు ఒక సాదా చూపు ఉండె, స్క్రిప్ట్ లేకుంట, వట్టి లింకులతోటి. మా కొట్టుకు అది మస్తు ఆసరా. గిరాకీలు ఫోటో మెయిల్ చేస్తే ఎక్స్‌పీ పెట్టెల నేరుగ దించుకునేటోన్ని. 2024ల దాన్ని తీసేసిండ్రు. అప్పటికెళ్లి ఫోన్ల దించుడు, తీగ పెట్టి పెట్టెలకు ఎక్కించుడు.

బరువు ముచ్చట గూడ చెప్త. ఇయ్యాల మామూలు పేజీ రెండు ఎంబీలు దాటుతున్నది. ఒక్క పేజీ ఫ్లాపీల పట్టదు. సంచార్‌నెట్ తీగ మీద అయితే ఆరేడు నిమిషాలు. అండ్ల చదివే అక్షరాలెన్నని చూస్తే నాలుగు పేరాలు. మిగతాదంత ప్రకటనలు, నువ్వు ఎటు చూస్తున్నవో కాపలా కాసే స్క్రిప్టులు. నాకు కోపం వచ్చేది ఇక్కడ. పాత మిషను మీద కోపం తీసుకొని లాభం లేదు.

పిలగాని ఫోటోల ముచ్చట ఆగింది గదా, ఇగో మీ అక్క ఉన్నదిగ, ఆమె చెయ్యి పెట్టింది. 98 కోసం ఇంకా పాటుపడేటోళ్లు దునియాల ఉన్నరంట. పెన్‌డ్రైవ్‌లన్నింటికీ పనికొచ్చే డ్రైవరు చేసిపెట్టిండ్రు. దాన్ని తన ల్యాప్‌టాప్‌ల దించుకున్నది. ల్యాప్‌టాప్‌ల నుంచి 98కి ఎట్ల ఇయ్యాలె? పైథాన్‌ల ఒక్క లైను కొట్టింది. అంతే, ల్యాప్‌టాపే ఒక చిన్న సైటు అయ్యింది. తాళం లేదు, బొమ్మ లేదు, స్క్రిప్ట్ లేదు. నన్ను 98ల 192.168 అని మొదలయ్యే నంబరు కొట్టుమన్నది. కొట్టి ఎంటర్ నొక్కిన.

రెప్ప కొట్టేలోపు వచ్చింది బిడ్డా. తెల్లటి పేజీ, నల్లటి గీత, నీలం రంగుల ఫైలు పేరు, కింద గీటు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 మూల మీద ఆ భూగోళం ఒక్కసారి తిరిగి ఆగింది. ఇయ్యాల చేసిన సైటును పాతికేండ్ల బ్రౌజరు ఏ తప్పు లేకుంట చదివింది. డ్రైవరు దిగింది, మిషను ఒకసారి బందు చేసి లేపినం, 2 జీబీ చిన్న పెన్‌డ్రైవ్ పెట్టంగనే కొత్త డిస్కు కనబడ్డది. బొమ్మలన్నీ ఎక్కించినం. పిలగాడు అక్కడనే వాళ్ల అమ్మకు వాట్సాప్‌ల పంపిండు. ఆమె వెంటనే వీడియో కాల్ చేసి నాతోటి మాట్లాడింది. ఎనుకటి లెక్కనే గట్టిగ మొత్తుకుంట మాట్లాడింది.

ఆ పని అయినంక గూడ మీ అక్క ఊకోలేదు. మంచిపని చేసింది. పాత పెట్టెకు, కొత్త నెట్టుకు నడుమ ఇంకో చిన్న మిషను పెడితే అయితదంట. ఒకటి వెబ్‌వన్ అని, తాళాల పని అది చూసుకుంటది, 98కి తాళం తీసిన పేజీ అందిస్తది. ఇంకొకటి డబ్ల్యూఆర్‌పీ అని, అది లోపల కొత్త బ్రౌజర్‌ల పేజీ తెరిచి, దాని ఫోటో తీసి, జిఫ్ బొమ్మగ పాత బ్రౌజర్‌కు పంపుతది. బొమ్మ మీద ఏడ నొక్కితే అవుతల ఆడ నొక్కినట్టు. రెండోది చూసినప్పుడు నాకు ఎనుకటి ఉర్దూ పత్రికలు యాదికి వచ్చినయి. నస్తాలీక్ రాతను కంప్యూటరు తెర మీద మంచిగ చూపే ఫాంట్లు లేక, చాలా పత్రికలు పేజీని బొమ్మ చేసి నెట్టుల పెట్టేటియి. మా కొట్టుకు వచ్చే సాబ్‌లు ఆ బొమ్మలు దిగేదాక ఓపికతోటి కూసోని చదువుకునేటోళ్లు. ఫ్రాగ్‌ఫైండ్ అని ఇంకో సైటు ఉన్నది, అది పేజీల నుంచి అక్షరాలు మట్టుకే ఒలిచి ఇస్తది, పాత మిషన్ల కోసమే పెట్టిండ్రు. వెబ్ పుట్టిన సెర్న్‌ల మొట్టమొదటి సైటు పేజీలను గూడ తెరిచి చూసినం. ఇన్ఫో డాట్ సెర్న్ డాట్ సీహెచ్. 1990ల మొదట్ల రాసిన పేజీ 98ల తెరుసుకున్నది, అక్క ల్యాప్‌టాప్‌ల తెరుసుకున్నది, నీ ఫోన్ల గూడ తెరుసుకుంటది.

ఇంతసేపు పాత మిషను కొత్త పేజీ చదువలేని ముచ్చట చెప్పిన. దీన్ని తిరగేస్తే ఇంకో బాధ ఉన్నది. అది మన తెలుగోళ్ల సొంత బాధ, నాకు నిద్ర పట్టనియ్యంది అదే.

ఎనుకట నెట్టుల తెలుగు అంటే ఎవరి ఫాంటు వాళ్లది. ఒక్కో పత్రిక ఒక్కో ఫాంటు చేసుకున్నది. లోపల ఉన్నయి ఇంగ్లీషు అక్షరాల నంబర్లే, పైన తెలుగు బొమ్మ తొడిగేటోళ్లు. ఫాంటు పేజీ తోటే దిగేటట్టు గూడ చేసిండ్రు, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ల మంచిగ కనబడేది. యూనికోడ్‌ల తెలుగుకు చోటు 1991లనే ఇచ్చిండ్రు గాని, విండోస్‌ల తెలుగు వచ్చింది 2001ల ఎక్స్‌పీ తోటి, గౌతమి ఫాంటు తోటి. అదీ నేరుగ రాకపోయేది, సీడీ పెట్టి కాంప్లెక్స్ స్క్రిప్ట్ అనే గడిల టిక్కు పెట్టాలె, లేకుంటే డబ్బాలే. తిరుమల కృష్ణదేశికాచారి గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఊరికే ఇచ్చిండ్రు, నేను ఎన్ని మిషన్లల ఎక్కించిన్నో. వెన్న నాగార్జున గారు 2003 డిసెంబరుల తెలుగు వికీపీడియా మొదలుపెట్టిండ్రు. ఆయనే ఫైర్‌ఫాక్స్‌కు పద్మ అని ఒక జోడింపు చేసిండ్రు. పత్రికల సొంత ఫాంటు రాతను అది చూసినకాడనే యూనికోడ్‌లకు మార్చేది. అది ఎక్కించిన రోజు, కొట్టుల తెలుగు పత్రిక నుంచి ఒక ముక్క కాపీ చేసి మెయిల్ల అతికిస్తే తెలుగు తెలుగు లెక్కనే పోయింది. చాలా సంతోషమైంది.

ఇప్పుడు ఆ పాత పేజీలను తెరువుండ్రి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్లు 1996 నుంచి దాసిపెట్టిండ్రు, వాళ్ల పుణ్యమాని ఫైళ్లు ఉన్నయి. తెరిస్తే గీతలు, చుక్కలు, తలల మీద కొమ్ములున్న అక్షరాలు. ఆ ఫాంటు తొడుగు కొత్త బ్రౌజర్‌కు తెల్వదు, పద్మ గూడ ఇప్పటి ఫైర్‌ఫాక్స్‌ల ఎక్కదు. ఇంగ్లీషోడు 1990లల రాసింది ఇయ్యాల చదువుకుంటున్నడు. మనం 2000ల రాసుకున్నది మనకే అందుతలేదు. ఇయ్యాల్టి ఎంత పెద్ద మిషనైనా ఆ పేజీ ముందట నిలబడి తెల్లమొఖం ఏస్తది, మూలకున్న ఈ పాత పెట్టేమో టకటక చదువుతది. పెట్టె ఎందుకు ఉంచిన్నో ఇప్పుడు సమజైందా?

నెట్టుల పేజీలే గాదు. నా ఎక్స్‌పీల అను ఫాంట్ల ఫైళ్లు వేలున్నయి. ఫ్యాక్టరీ ప్రైవేటోళ్లతోటి కలిపినప్పుడు, అంటే 2002ల, కార్మికులు వేసిన కరపత్రాలు ఉన్నయి. 2015 డిసెంబరుల మూతపడ్డప్పుడు వేసినయీ ఉన్నయి. చెరుకు రైతుల మీటింగు పిలుపులు, ఊరి జాతరల పుస్తకాలు, బతుకమ్మ పాటల చిన్న పుస్తకాలు. కాగితాలు చెదలు తిన్నయి. ఫైలు ఒక్కటే ఉన్నది, అది ఈ ఒక్క పెట్టెలనే మంచిగ కనబడుతది. అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలు ఉన్నయి, ఒత్తుల కాడ తప్పులు పోతయి, కూసోని దిద్దుకోవాలె.

ఒక జాగ్రత్త చెప్త, మరువకుండ్రి. పాత పెట్టెను నెట్టుల పెట్టినప్పుడు బ్యాంకు పాస్‌వర్డు ముట్టద్దు. 2003 ఆగస్టుల బ్లాస్టర్ అనే పురుగు వచ్చినప్పుడు ఎక్స్‌పీలు అరవై సెకన్లు లెక్కబెట్టి వాటంతటవే ఆగిపోయేటియి, గిరాకీ మాట మధ్యల ఉంటే గూడ. 2017 మేల వానాక్రై అనే ఇంకో పురుగు వచ్చింది, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు గూడ కొన్ని దాని పాలైనయి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న చెయ్యి కడుక్కున్నా, అప్పుడు మట్టుకు మల్ల మందు పంపింది. అందుకని పాతదాన్ని రౌటర్ ఎనుకనే, ఇంటి తీగ మీదనే ఉంచాలె.

ఇగ పేజీ చేసేటోళ్లకు ఒక మాట. మన మార్కెట్ యార్డును 2016 ఏప్రిల్‌ల, పంటలు నెట్టుల అమ్మే ఈ-నామ్‌ల కలిపిండ్రు, దేశంల ముందుగాల కలిపినవాటిల మనది ఒకటి. పసుపు బోర్డు పెద్ద ఆఫీసు గూడ 2025ల మనకాడనే పెట్టిండ్రు. పసుపు ధర చెప్పే పేజీ ఎంత ఉండాలె? పది వరుసలు, నాలుగు నిలువు గీతలు. ఐదు కిలోబైట్లు చాలు. రైతు జేబుల ఉన్న ఫోను గూడ ఇంకో ఐదేండ్లకు 98 పెట్టె గతికే వస్తది, వాని తప్పేమీ లేకుంట. నువ్వు కంప్యూటరు చదువు చదువుతున్నవు, రేపు పొద్దున అట్లాంటి పేజీ నీ చేతికి రావొచ్చు. వస్తే ముందు ఈ పెట్టెల తెరిచి చూడు.

రేపు పొద్దుగాల మాత్రం నాకు చెయ్యి సాయం ఉండుండ్రి. 98ల డిస్కు ఐడీఈది, దాన్ని ల్యాప్‌టాప్‌కు పెట్టే తీగ పట్నం నుంచి తెప్పిచ్చిన. మొత్తం ముందు కాపీ తీసుడు, రెండు చోట్ల పెట్టుడు. తర్వాత శుక్రవారాల ఫోల్డర్లు తెరిచి, ఎవరివి ఎవరికో పేర్లు రాసుడు. అక్కకు ఫాంట్ల పని, నీకు పేర్ల పని. ఊర్ల పేర్లు నేను చెప్త.